ముందు సీటు

అలెగ్జాండ్రియా
మే 1984, బుధవారం

చెల్లెమ్మ అతియాత్‌కి అన్నయ్య సిద్ఖీ దీవించి రాసేది.

ఈ ఉత్తరమూ, బండి తాళాలూ రెండూ నీ కొడుకు హిల్మీ చేతికే ఇస్తున్నాను. ముందు ఉత్తరం చదువు, ఆ తర్వాతే తాళాలు ముట్టుకో. వాడు వచ్చిన దగ్గర్నుంచీ బండి చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నాడు గానీ నా మాట ఒక్కటీ చెవిన పెట్టడం లేదు.

పెళ్ళికూతురికి బంగారం కొనడానికి రెండు కుటుంబాలూ కలిసి తాంతా వెళ్ళాలి, బండి ఇవ్వమని అడిగావు. మేనమామకి సొంత బండి ఉండగా పెళ్ళివారిని అద్దె బండిలో కుక్కి తీసుకెళ్తే నా పరువేం కాను? అందుకే ఇస్తున్నాను. బండి కొని ఆరేళ్ళయింది. ఓడలోంచి దిగిన రోజు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉందని మా కస్టమ్స్ ఆఫీసులో గుమాస్తాలంతా చెప్పుకుంటారు. మీ వదిన కూడా ఇన్నాళ్ళూ వెనక సీట్లోనే కూర్చుంటోంది, అడుగు కావాలంటే.

కాబట్టి నాలుగు మాటలు. బండిలో ఉప్పుచేప ఊసెత్తకూడదు. గుమ్మడి గింజలు కొరికి పొట్టు కాళ్ళ దగ్గర ఊసే అలవాటు మీ ఊరివాళ్ళకి ఉంది, అది నా బండిలో సాగదు. సీట్లు అసలు సిసలు తోలు. వాటి మీద ఓడ దిగిన నాటి ప్లాస్టిక్ తొడుగు ఉంది. దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ తీయొద్దు. ముందు సీట్లో ఎవరినీ కూర్చోబెట్టకపోతే మరీ మంచిది. తప్పదంటే సన్నగా ఉన్నవాళ్ళెవరినైనా చూసి కూర్చోబెట్టు.

పెళ్ళికూతురి తండ్రి స్టేషన్ బయట వేయించిన గింజల కొట్టు పెట్టుకున్నాడని హిల్మీ చెప్పాడు. నాకేం అభ్యంతరం లేదు. మనిషి నిజాయితీపరుడైతే చాలు.

మీ అన్నయ్య
సిద్ఖీ

*

కఫర్ జయ్యాత్
మే 1984, శనివారం

అన్నయ్యా,

హిల్మీ బండితో పాటు ఈ ఉత్తరం కూడా తెస్తున్నాడు. వాడి మొహం చూసి భయపడకు. వాడికి దెబ్బలేం తగల్లేదు, బండి ఎక్కడా గుద్దుకోలేదు. ఇంతకంటే ఎలా మొదలుపెట్టాలో నాకు తెలియడం లేదు. నీ ముందు సీటు చిరిగింది.

సీటు ముందు అంచున, మోకాలి కింద తగిలే చోట, జానెడు మేర తోలు నోరు తెరుచుకుంది. లోపలి స్పాంజి కనిపిస్తోంది. రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. మా ఆయన పోయాక నువ్వు ఏదీ కాదనకుండా ఇచ్చావు, నీ వస్తువు నేను ఇలా తిప్పి పంపుతున్నాను.

జరిగింది చెప్తాను. పెళ్ళికూతురు సౌసన్ తండ్రి బద్రావీకి ఒక కాలు లేదు. చిన్నప్పుడు పత్తి మిల్లులో పోయిందట. దాని బదులు ఇనప కీళ్ళూ, బకిల్సూ ఉన్న కొయ్యకాలు పెట్టుకుంటాడు. అది మడిచి వెనక సీట్లో కూర్చోలేడు. పైగా పెళ్ళికూతురి తండ్రి, గౌరవంగా ముందే కూర్చోబెట్టాలి కదా. బండి ఎక్కినప్పటి నుంచీ ఒకటే హాస్యాలు. "మా కాలు గవర్నమెంటు ఉద్యోగండీ. నే చెప్పింది వినదు. ఎండాకాలం అసలు కదల్దు" అంటాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, అబద్ధమెందుకు.

తాంతాలో బంగారు కొట్ల వీధిలో దిగాక నవ్వు పోయింది. ఆయన కొత్త తెల్ల జుబ్బాకి వెనక, సరిగ్గా కూర్చునే చోట, పెద్ద గోధుమరంగు మరక. చూసినవాళ్ళు ఏమనుకుని ఉంటారో నేను రాయక్కర్లేదు. కొట్లో పనివాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుని నవ్వుకున్నారు. ఆయనకి తెలియక, ఆ మరక వాళ్ళ వైపు పెట్టి, తూకం దగ్గర వంగి కూతురి గాజులు చూస్తూ నిలబడ్డాడు. చివరికి సౌసన్ తన శాలువా తీసి తండ్రి నడుముకి చుట్టింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటి దగ్గర ఎక్కడ కూర్చుని వచ్చాడో ఏమో అనుకున్నాను.

మళ్ళీ ఊరికి వచ్చి దిగాక చూస్తే సీటు ఇలా ఉంది. నా నోరు నీకు తెలుసు కదా, ఆగదు. "అయ్యో, ఇనప కాలు మా అన్నయ్య సీటు చీల్చేసింది!" అని వీధిలోనే అరిచాను. ఆయన వెనక్కి తిరిగి వచ్చాడు. వంగి చిరుగుని చేత్తో తడిమాడు. బకిల్‌నీ తడిమాడు. "ఇది నాకు చెప్పి చెయ్యదమ్మా ఏ పనీ. దానికి తెలీదు, నాకూ తెలీలేదు" అన్నాడు. అంతే, ఇంక హాస్యం లేదు.

నన్ను క్షమించు.

అతియాత్

*

అలెగ్జాండ్రియా
మే 1984

అతియాత్‌కి,

బండి చేరింది. చూశాను.

జరిగిందేదో జరిగింది. తోలు పోతే తోలు, మనుషులు ముఖ్యం. నేను అలా మాట్లాడేవాణ్ణని ఇక్కడ అందరికీ తెలుసు. నువ్వు మనసు కష్టపెట్టుకోవద్దు. వాళ్ళనీ ఏమీ అనొద్దు.

ఒక్క సంగతి మాత్రం నాకు అంతుపట్టడం లేదు. సీటు మీద ప్లాస్టిక్ ఉంది కదా. ఇనప బకిల్ తోలుని చీల్చాలంటే ముందు ప్లాస్టిక్ చిరగాలి. హిల్మీ నాకు ప్లాస్టిక్ తొడుగు విడిగా మడిచి, డిక్కీలో పెట్టి తెచ్చి ఇచ్చాడు. దాని మీద గీత కూడా లేదు. ఇదెలా జరిగిందో కాస్త వివరంగా రాయి.

మీ వదినకి నేను ఏమీ చెప్పలేదు. సీటు మీద చిన్న దుప్పటి పరిచాను.

సిద్ఖీ

*

కఫర్ జయ్యాత్
జూన్ 1984

అన్నయ్యా,

నీ కళ్ళల్లో దుమ్ము కొట్టడం నా వల్ల కాదు. ప్లాస్టిక్ నేనే తీయించాను.

హిల్మీ వద్దంటూనే ఉన్నాడు. "మామయ్య నన్ను చంపేస్తాడమ్మా" అన్నాడు. నేనే వినలేదు. పెళ్ళివారు మొదటిసారి మన బండి ఎక్కుతున్నారు, కొట్లో కుర్చీలా కరకరమనే ప్లాస్టిక్ మీద కూర్చోబెడితే మనల్ని ఏమనుకుంటారు? వాళ్ళకి తోలు కనపడాలి అనిపించింది. మా వైపు గొప్పవాళ్ళెవరూ లేరనుకుంటారని, ఉన్న ఒక్క అన్నయ్య గొప్ప చూపించుకుందామని తీయించాను. అదీ నా తెలివి. ప్లాస్టిక్ ఉండి ఉంటే నీ తోలు నిక్షేపంగా ఉండేది. తప్పులో సగం నాది.

ఇప్పుడు ఇంకోటి విను. బద్రావీ శుక్రవారం నమాజు తర్వాత మా ఇంటికి వచ్చాడు. ఆయన ఇల్లు కాలవకి అవతలి గట్టు మీద. ఎప్పుడూ ఎవరి బండి మీదో ఎక్కి వస్తాడు, దారంతా కబుర్లు. ఆ రోజు నడిచి వచ్చాడు. జుబ్బా అంచంతా దుమ్ము. గుమ్మంలోనే నిలబడి, "హిల్మీ వాళ్ళమ్మా, మీ అన్నగారి అడ్రసు ఇవ్వండి. ఆయన దగ్గరికెళ్ళి మొహం చూపించాలి" అన్నాడు. "అంత అవసరం లేదండీ, మా అన్నయ్య చాలా పెద్దమనసున్న మనిషి" అన్నాను. ఆ మాట విని ఆయన ఇంకా కుంగిపోయాడు. టీ తాగలేదు.

ఆ మరక కూడా పోలేదట. వాళ్ళావిడ ఎన్ని సార్లు ఉతికినా రంగు అలాగే ఉందట. సౌసన్ చెప్పింది, చెప్తూ నా వైపు చూడలేదు.

నువ్వు నాలుగు ముక్కలు ఆయనకి రాయి అన్నయ్యా. తప్పు మన్నించానని నీ చేతిరాతతో ఉంటే ఆయన తేరుకుంటాడు.

అతియాత్

*

అలెగ్జాండ్రియా
జూన్ 1984

అతియాత్‌కి,

ఆ ప్లాస్టిక్ తీయొద్దని ఎంత గట్టిగా రాశాను! రాసింది చదవడం కూడా కష్టమేనా? నువ్వు ఆ తొడుగు తీయకపోతే ఇంత రభస ఉండేదే కాదు. ఎవరి కాలూ ఎవరి సీటూ అనే మాటే వచ్చేది కాదు. ఇది నువ్వు బాగా గుర్తుపెట్టుకోవాలి.

ఆయనకి నేను ఏం రాయను? మన్నించడానికి ఇందులో ఏముంది? పెద్దదేం కాదని చెప్పు. నేను అసలు పట్టించుకోవడం లేదని చెప్పు. ఆయన ఇక్కడికి రావాల్సిన పని లేదు. అడ్రసు ఇవ్వకు.

ఆఫీసులో పని ఎక్కువగా ఉంది. ఓడలు వరసగా వస్తున్నాయి.

సిద్ఖీ

*

కఫర్ జయ్యాత్
ఆగస్టు 1984

అన్నయ్యా,

ఇన్నాళ్ళూ రాయలేదని కోప్పడకు. నువ్వూ రాయలేదులే.

నువ్వు పట్టించుకోవడం లేదని నేను చెప్పాను. ఆయనకి అది ఇంకోలా వినపడింది. తన లాంటివాడి మాట పట్టించుకోదగ్గది కాదని నువ్వు అన్నట్టు వినపడింది. నేను సర్దిచెప్పబోతే, "పెద్దవాళ్ళండి" అని చేతులు జోడించాడు.

స్టేషన్ దగ్గర ఆయన కొట్టుకి జనం గింజల కోసం కంటే కబుర్ల కోసం వెళ్ళేవారు. ఇప్పుడు పొట్లం కట్టి ఇస్తాడు, తల దించుకుంటాడు. కాలు గురించి ఎవరైనా హాస్యమాడితే కొట్టు సగం మూసేస్తాడు. ఎవరు బండి ఆపి ఎక్కమన్నా ఎక్కడు. "మీ సీటు పాడవుద్ది" అంటాడు. గాడిద బండివాడు పిలిచినా అదే మాట! ఊళ్ళో కుర్రాళ్ళు దాన్ని కూడా నవ్వులాట చేశారు. ఎవరి ఇంటికైనా వెళ్తే చాప మీద కూర్చుంటాడు, కుర్చీ మీద కూర్చోడు.

నిన్న సౌసన్ వచ్చింది. మనం పెట్టిన బంగారం మూట కట్టి తెచ్చింది. గాజులు, గొలుసు, ఉంగరం, అన్నీ. నా ఒళ్ళో పెట్టింది. "అత్తయ్యా, నాకు హిల్మీ అంటే ఇష్టం. దాచుకోవాల్సిన పని లేదు. కానీ మీ ఇంట్లో కుర్చీ మీద కూర్చోడానికి మా నాన్న భయపడే పెళ్ళి నాకొద్దు. ఆయన నా పెళ్ళికే రానంటున్నాడు" అంది. ఏడవలేదు. ఏడ్చింది నేను. హిల్మీ రెండు పూటల నుంచీ అన్నం ముట్టలేదు, నాతో మాట్లాడటం మానేశాడు. వీధిలో అరిచింది నేనే కదా, మాట్లాడటానికి ఏముంది.

నేను వాళ్ళ గుమ్మానికి వెళ్ళి తల వంచుకుని నిలబడ్డాను. బద్రావీ బయటికి వచ్చి "మీరేం తప్పు మాట్లాళ్ళేదమ్మా, ఉన్నదే అన్నారు" అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ మాట కంటే తిట్టినా బాగుండేది.

నీకు ఏదైనా దారి తోస్తే రాయి. మూట నా పెట్టెలో ఉంది. దాన్ని చూడాలంటేనే భయంగా ఉంది.

అతియాత్

*

అలెగ్జాండ్రియా
ఆగస్టు 1984

చెల్లెమ్మా,

బంగారం కొట్టుకి తిరిగి ఇవ్వకు, ఎవరికీ చూపించకు. పెళ్ళి ఆగదు. ముందు నేను చెప్పేది విను.

నీ ఉత్తరం అందిన రోజే బండిని తోలు పని చేసే మేస్త్రి గత్తాస్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన సీటు పైకి తీసి, తొడుగు కుట్లు విప్పి, చర్మం ఒలిచినట్టు ఒలిచాడు. తోలుని వెనక్కి మడిచి, "ఇది పెళుసెక్కిపోయింది సార్. అప్పడంలా ఉంది చూడండి" అన్నాడు. ఆరేళ్ళు ప్లాస్టిక్ కింద ఎండకి ఉడికి, గాలాడక, అలా గట్టిపడిందట. ఇలాంటి తోలు మీద ఎవరు కూర్చున్నా చిరుగుతుందట, కొయ్యకాలే అక్కర్లేదట. ప్లాస్టిక్ తోలుని కాపాడుతుందని ఈ దేశంలో అందరం అనుకుంటాం, అదే దాన్ని చంపుతుందని ఆయన నెత్తీనోరూ కొట్టుకుంటున్నాడు.

బజార్లో కొత్త తోలు తెచ్చి అతికితే రంగు కలవదట. అందుకని వెనక సీటు అడుగున, ఎవరికీ కనపడని మడతలోంచి ముక్క కోశాడు. దాన్ని చిరుగు లోపలి వైపు పెట్టి, జిగురు పూసి, అంచులు రెండూ దగ్గరికి తెచ్చి, బరువు పెట్టి ఆరనిచ్చాడు. తర్వాత వంకర సూదితో కుట్టాడు. నూనె పట్టించాడు. ఇప్పుడు వేలితో తడిమితే గానీ తెలియదు. అన్నీ అయ్యాక కొత్త ప్లాస్టిక్ తొడిగించాను. ఆయన వద్దన్నాడు గానీ నేనే పట్టుబట్టాను.

కాబట్టి బద్రావీ గారికి వెళ్ళి చెప్పు. ఆయన కాలి తప్పు ఏమీ లేదు. తోలే చచ్చిపోయి ఉంది. ఆయన పేరు మీద పడ్డ నింద పోవాలనే నేను పనిగట్టుకుని సీటు విప్పించి చూపించానని కూడా చెప్పొచ్చు.

మీ అన్నయ్య
సిద్ఖీ

*

కఫర్ జయ్యాత్
సెప్టెంబరు 1984

మా బంగారు అన్నయ్యా,

నీ చేతులు కళ్ళకి అద్దుకుంటున్నాను. నీ ఉత్తరం పట్టుకుని చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా కాలవ దాటి పరిగెత్తాను. నా వయసులో పరుగేమిటని వీధిలో అందరూ చూశారు. చూడనీ!

బద్రావీ కొట్టులో ఉన్నాడు. నీ ఉత్తరం గట్టిగా చదివాను. అప్పడంలా ఉందన్న చోట ఆయన కళ్ళు చికిలించాడు. కాలి తప్పేమీ లేదన్న చోట "మళ్ళీ చదవండి" అన్నాడు. మళ్ళీ చదివాను. "ఇంకోసారమ్మా" అన్నాడు. ఆయన పేరు కోసం నువ్వు సీటు విప్పించావన్న మాట వచ్చేసరికి జుబ్బా చెయ్యి పైకెత్తి మొహం కప్పుకున్నాడు. అంత మనిషి, స్టేషన్ ముందు, వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆ తర్వాత చూడాలి! రైలు దిగిన ప్రతివాడికీ గింజలు ఉత్తినే పంచాడు. "మా కాలు విడుదలైంది! కేసు కొట్టేశారు!" అని ఒకటే కేకలు. గాడిద బండివాడిని పిలిచి, ఎక్కి, ఊరంతా తిరిగాడు. సౌసన్ వచ్చి మూట పట్టుకెళ్ళింది. వెళ్తూ నా బుగ్గ మీద ముద్దు పెట్టింది. హిల్మీ అన్నం తిన్నాడు, కుండెడు.

వచ్చే నెల తాంతాలో సయ్యద్ బదవీ దర్గా ఉత్సవం అయిపోగానే గురువారం నాడు నికా. ఇప్పుడు అసలు మాట. ఖాజీ ముందు ఇద్దరు సాక్షులు కావాలి కదా. మా వైపు నుంచి మా మరిది ఉంటాడు. రెండో సాక్షిగా నువ్వే ఉండాలని బద్రావీ పట్టుబట్టాడు. "నా సొంత అన్నదమ్ములున్నారు. వాళ్ళెవరూ నా తరఫున నోరు విప్పలేదు. నేనే నా మీద చెప్పుకుంటుంటే ఆ పెద్దమనిషి తన సీటు తనే చీల్చుకుని నా కోసం సాక్ష్యం చెప్పాడు. నా కూతురి నికాకి ఆయన్ని మించిన సాక్షి ఈ జిల్లాలో లేడు" అన్నాడు. ఈ మాట స్టేషన్‌లో, మసీదులో, మంగలి కొట్టులో, అందరికీ చెప్తున్నాడు. నీ పేరు ఇప్పుడు మా ఊళ్ళో పిల్లలక్కూడా తెలుసు.

నాకు ఎంత గర్వంగా ఉందో! వెంటనే రాయి, వస్తానని.

నీ చెల్లి
అతియాత్

*

అలెగ్జాండ్రియా
సెప్టెంబరు 1984

అతియాత్,

ఈ ఉత్తరం ముందు నువ్వు ఒక్కదానివే చదువు. ఆ తర్వాత బద్రావీ గారి ముందు చదువు. నేను అడగడం లేదు, బతిమాలుతున్నాను.

ఆ సీటు చింపింది నేను.

మీరు బండి తీసుకెళ్ళక ముందే, ఏప్రిల్‌లోనే. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఇంట్లో చుట్టాల గోల ఎక్కువై, రేడియోలో ఫుట్‌బాల్ ఆట విందామని కిందికి దిగి బండిలో కూర్చున్నాను. స్టీరింగు పొట్టకి అడ్డమొస్తోందని పక్కనున్న ముందు సీట్లోకి జరిగాను. గోలు పడ్డప్పుడు ఎగిరి కూర్చున్నాను. కింద టప్పుమంది. ఆరేళ్ళు ఎవరినీ కూర్చోనివ్వని సీటు, కట్టుకున్న పెళ్ళాన్ని కూడా కూర్చోనివ్వనిది, నా బరువుకే చిరిగింది. ఎవరికైనా చెప్తే నవ్వుతారని మేస్త్రి దగ్గరికి వెళ్ళలేదు. ప్లాస్టిక్ లేపి, బూట్ల జిగురు పెట్టి నేనే అతికించాను. అతుకు రంగు తేడా తెలియకుండా సీటంతా గోధుమరంగు బూటు పాలిష్ దట్టంగా రుద్దాను. మళ్ళీ ప్లాస్టిక్ కప్పేశాను. అందుకే తీయొద్దని అంతగా రాశాను. అందుకే సన్నటివాళ్ళని కూర్చోబెట్టమన్నాను.

ఆ జుబ్బా మీద మరక నా బూటు పాలిష్, అతియాత్. నువ్వు మొదటి ఉత్తరంలో మరక సంగతి రాయగానే నాకు తెలిసింది. బంగారు కొట్లో వాళ్ళు ఆయన్ని చూసి ఏమనుకుని నవ్వారో కూడా తెలిసింది. తెలిసే "తోలు పోతే తోలు, మనుషులు ముఖ్యం" అని రాశాను. ఆ వాక్యం రాసి, బాగా వచ్చిందని రెండుసార్లు చదువుకున్నాను కూడా.

ఆ తర్వాత ప్లాస్టిక్ నువ్వు తీశావని ఒప్పుకున్నప్పుడు నాకు ఊపిరి వచ్చినట్టయింది. తిట్టడానికి ఎవరో ఒకరు దొరికారు కదా.

మేస్త్రి గత్తాస్ నేను రాసినవన్నీ అన్నాడు. నేను రాయనిది కూడా ఒకటి అన్నాడు. తొడుగు విప్పగానే పాత జిగురు గోటితో గీకి, వాసన చూసి, "ఈ పని చేసిన చెయ్యి విరగ్గొట్టాలి సార్. ఎవడండీ ఈ దరిద్రుడు?" అని అడిగాడు. "ఎవడో" అన్నాను. "వాణ్ణి వదలకండి" అన్నాడు. తల ఊపాను. అక్కడే నిలబడి నన్ను నేను ఇంకొకడిలా తిట్టించుకుని ఇంటికి వచ్చి నీకు ఆ ఉత్తరం రాశాను. అందులో అబద్ధం ఒక్కటి కూడా లేకుండా చూసుకున్నాను, చివరి మాట తప్ప. ఆయన పేరు కోసం సీటు విప్పించానన్నది పచ్చి అబద్ధం. పెళ్ళి ఆగితే ఎప్పటికైనా మూలం బయటపడుతుందని భయపడి విప్పించాను.

తిట్టి ఉంటే భరించేవాణ్ణి. ఆయన గింజలు పంచాడని రాశావు. ఆ చోటు దాటి వెంటనే చదవలేకపోయాను. మీ వదిన వచ్చి ఏమైందని అడిగితే ఉత్తరం చేతికిచ్చాను. చదివింది. అంతా చెప్పాను. "ఆరేళ్ళు నేను వెనక కూర్చున్నది ఇందుకా?" అని మాత్రం అంది. పొద్దుటి నుంచీ వంటింట్లోంచి బయటికి రాలేదు.

అబద్ధం చెప్పినవాడు నికాకి సాక్షి ఎలా అవుతాడు? ఖాజీ ముందు కూర్చుని నేను సంతకం పెడితే రేపు ఆ పిల్ల కాపురం దేని మీద నిలబడుతుంది? పెట్టలేను. ఏదో వంక చెప్పి రాలేనని రాద్దామని కూడా కూర్చున్నాను. ఆఫీసు పని అని రాశాను, చింపేశాను.

ఆయనకి ఇది వినిపించు. ఏం చెయ్యమంటే అది చేస్తాను. మొహం చూపించొద్దంటే చూపించను.

సిద్ఖీ

*

కఫర్ జయ్యాత్
అక్టోబరు 1984

అన్నయ్యా,

నీ ఉత్తరం నా దగ్గర చాలా రోజులు ఉంచుకున్నాను. బియ్యం డబ్బాలో దాచాను. నిన్ను కాపాడదామని కాదు, నన్ను కాపాడుకోవడానికే. వీధిలో ఇనప కాలు అని అరిచింది నువ్వు కాదు కదా. నువ్వు నోరు మూసుకుని తప్పు చేశావు, నేను తెరిచి చేశాను. ఒక తల్లి పిల్లలమే.

మొన్న వాళ్ళింటికి తీసుకెళ్ళాను. రెండు ముక్కలు చదివి ఆగిపోయాను. సౌసన్ నా చేతిలోంచి తీసుకుని చదివింది. గట్టిగా, తడబడకుండా చదివింది. బూటు పాలిష్ దగ్గరికి వచ్చేసరికి ఆగి తండ్రి వైపు చూసింది. ఆయన "కానీ" అన్నాడు. అయ్యేదాకా విన్నాడు. గింజలు వేయించే పెనం మాడుతున్నా ఎవరూ లేవలేదు.

ఆయన లోపలికి వెళ్ళి ఆ జుబ్బా తెచ్చాడు. మరక ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "పాలిషే" అన్నాడు. వాళ్ళావిడ చేతికిచ్చి, "చూశావా, నువ్వు కూడా నన్ను అనుమానించావు" అన్నాడు. ఆవిడ తల దించుకుంది. ఇన్ని నెలలు ఉతికిందావిడే కదా. ఆమె ఏమనుకుంటూ ఉతికిందో నేను ఊహించుకున్నాను. నాకు అక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది.

తర్వాత ఆయన నాతో అన్న మాటలు ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "గింజలు ఉత్తినే పంచాను. మీ అన్నగారి పేరు చెప్పి దీవించమన్నాను. మళ్ళీ ఆ జనం దగ్గరికెళ్ళి నేనేం చెప్పాలమ్మా? ఈసారి నేనేం చెప్పను. ఆయనే చెప్పాలి. నికా రోజు పొద్దున్నే బండి తీసుకుని రమ్మనండి. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తాంతా తీసుకెళ్ళాలి. అదే వీధి, అదే కొట్టు. నేను ఈ జుబ్బానే వేసుకుంటా. ఆ కొట్లో వాళ్ళ ముందు, వాళ్ళ పనివాళ్ళ ముందు, ఈ మరక ఏంటో ఆయన నోటితో చెప్పాలి. నేను పక్కన నిలబడి వింటా. అక్కడ చెప్పగలిగితే సాయంత్రం ఖాజీ ముందు కూడా ఆయనే సాక్షి. చెప్పలేకపోతే బండి అక్కడే వదిలేసి రైలెక్కి వెళ్ళిపొమ్మనండి, నా కూతురి పెళ్ళి ఎలాగూ ఆగదు."

నేను వచ్చేస్తుంటే గుమ్మం దాకా వచ్చాడు. కొయ్యకాలు మీద చేత్తో కొట్టి, "మీ అన్నగారికి చెప్పండి, దీనికి తాంతా వెళ్ళాలని ఒకటే సరదాగా ఉంది. ఎండాకాలం అయిపోయిందిగా" అన్నాడు. నవ్వాడో లేదో చీకట్లో కనపడలేదు.

నేను కూడా కొట్లోకి వస్తాను. నా మాట కూడా అక్కడే చెప్తాను. వదినని ఈసారి వెనక కూర్చోబెట్టకు. బద్రావీ ఎక్కేదాకా అయినా ముందు కూర్చోనివ్వు.

గురువారం పొద్దున్నే నీ కోసం వీధి మొదట్లో నిలబడి ఉంటాను. వచ్చేటప్పుడు ఆ ప్లాస్టిక్ తీసేసి రా, అన్నయ్యా.

అతియాత్